“ఏమైనా అడగాలా?” అంటే “ఏం లేదు సార్” అని లేచి రావద్దు

కొంచెం పొడుగు పోస్టు ఇది. డిగ్రీ, బీటెక్, నర్సింగ్, ఐటీఐ, ఫార్మసీ అయిపోయి ఇంటర్వ్యూలకు తిరుగుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఓపికగా చివరిదాకా చదవండి.

ఇంటర్వ్యూలో ఏం చెప్పాలో మనకు చాలామంది నేర్పుతారు. ఎలా కూర్చోవాలి, ఇంగ్లీషులో పరిచయం ఎలా చేసుకోవాలి, చొక్కా ఏ రంగుది వేసుకోవాలి, అన్నీ చెప్తారు. ఏం అడగాలో మాత్రం ఎవరూ చెప్పరు. చివర్లో వాళ్ళే “మీరేమైనా అడగాలా?” అంటారు. మనోళ్ళు ఎక్కువమంది “ఏం లేదు సార్, థాంక్యూ సార్” అని లేచి వచ్చేస్తారు. అక్కడే మనం నష్టపోతున్నామని మా అభిప్రాయం. జీతం విషయంలో అయ్యే నష్టం గురించి కాదు మేం చెప్పేది. మనం చేరబోయే టీం ఎలాంటిదో, అక్కడ మనిషిని మనిషిలా చూస్తారో లేదో తెలుసుకునే ఒక్క అవకాశాన్ని చేతులారా వదిలేస్తున్నాం.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, మన దారులు మారిపోయాయి. ఏజెన్సీలో చదువుకున్నవాళ్ళకు ఒకప్పుడు టీచర్ పోస్టు అనే ఆశ ఉండేది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు శాతం స్థానిక గిరిజనులకే అని 2000లో వచ్చిన జీవో నంబర్ 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు నోటిఫికేషన్ల కోసం ఏళ్ళ తరబడి గదుల్లో కూర్చుని చదివేవాళ్ళు ఉన్నారు, ఉండాలి కూడా. కానీ చాలా ఇళ్ళల్లో అన్నేళ్ళు ఆగే స్తోమత లేదు. అందుకే హైదరాబాద్, విశాఖ, బెంగళూరు పోతున్నాం. ఫార్మా కంపెనీలు, ఆసుపత్రులు, కాల్ సెంటర్లు, షోరూములు, మైక్రో ఫైనాన్స్, చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలు. అక్కడ రిజర్వేషన్ లేదు, రోస్టర్ లేదు, సంఘం లేదు. మనల్ని కాపాడుకునేది చాలావరకు మనమే.

“గిరిజన పిల్లలు నిలబడరండీ. పండక్కి ఊరెళ్తే మళ్ళీ రారు” అనే మాట మీరూ వినే ఉంటారు. మన పెద్దలు కూడా కొందరు అదే అంటారు. మేం ఒప్పుకోం. తెల్లారకముందే లేచి కొండెక్కి పోడు చేసేవాళ్ళ పిల్లలం, ఏడెనిమిదేళ్ళ వయసు నుంచే ఆశ్రమ పాఠశాలల్లో ఇల్లు విడిచి పెరిగినవాళ్ళం. మనకు ఓర్పు లేదంటే నమ్మాలా? మానేసి వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి అడిగితే పని కష్టమని చెప్పేవాళ్ళు తక్కువ. తాత చనిపోతే సెలవివ్వలేదని ఒకరు, యాసను వెక్కిరించారని ఒకరు, ఎనిమిది గంటలని చెప్పి పన్నెండు గంటలు నిలబెట్టారని ఒకరు, పని నేర్పకుండానే తప్పు చేశావని అందరి ముందు తిట్టారని ఒకరు చెప్తారు. ఇవన్నీ చేరాక తెలిసిన విషయాలు. వీటిలో చాలావాటిని చేరకముందే పసిగట్టొచ్చు.

అడగడం పొగరు అనుకునేవాళ్ళకు ఒక మాట. సంతలో ఎద్దును కొనేముందు పళ్ళు చూస్తాం, నాలుగడుగులు నడిపించి చూస్తాం. పిల్లనిచ్చే ముందు ఆ ఇంటి గురించి, ఆ ఊరి గురించి పది మందిని అడుగుతాం. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకోవాలంటే ముందు గ్రామసభతో సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టమే చెప్తోంది. ఎద్దుకి, సంబంధానికి, భూమికి ఇంత విచారణ ఉన్నప్పుడు, రోజుకి ఎనిమిది పది గంటలు మన ఒంటినీ మనసునీ పెట్టే చోటు గురించి రెండు ప్రశ్నలు అడిగితే తప్పేంటి?

అయితే ఎలా అడగాలి అన్నది ముఖ్యం. “మీ కంపెనీలో వాతావరణం బాగుంటుందా సార్?” అని అడిగితే ఎవరైనా “సూపర్‌గా ఉంటుంది, మేమంతా ఒక ఫ్యామిలీ” అనే చెప్తారు. ఆ ప్రశ్నకు వేరే జవాబు రాదు. “సెలవులిస్తారా?” అంటే “ఇస్తాం” అంటారు. అందుకే మేం చెప్పేది ఒకటే సూత్రం: ఎలా ఉంటుందని అడగొద్దు, పోయినసారి ఏం జరిగిందో అడగండి. “సంక్రాంతికి సెలవు దొరుకుతుందా?” బదులు “పోయిన సంక్రాంతికి మీ టీంలో డ్యూటీ ఎవరెవరు చేశారండి, ఎలా పంచుకున్నారు?” అనండి. నిజంగా పంచుకునే టీం అయితే ఆ మనిషికి వెంటనే గుర్తొస్తుంది, “ముగ్గురం పండక్కి వెళ్ళాం, ముగ్గురం ఉగాదికి వెళ్ళాం” అని వివరంగా చెప్తారు. లేకపోతే నీళ్ళు నములుతారు. ఆ నీళ్ళు నమలడం కూడా జవాబే.

ఇదే సూత్రం మీద కొన్ని ప్రశ్నలు ఇక్కడ పెడుతున్నాం. అన్నీ ఒక్క ఇంటర్వ్యూలో అడగమని కాదు. మీకు ఏది ముఖ్యమో చూసుకుని రెండో మూడో ఎంచుకోండి.

మొదటిది, ఖాళీ గురించి. “ఈ పోస్టులో ఇంతకుముందు ఎవరు చేశారండి? వాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారు?” ప్రమోషన్ వచ్చి పక్క టీంకి వెళ్ళారంటే మంచి గుర్తు. కొత్త పోస్టు అంటే సరే. “వాళ్ళకు పని చేతకాలేదు, పంపించేశాం” అని నవ్వుతూ చెప్తే, రేపు మన గురించి కూడా ఇంకొకరి ముందు అలాగే చెప్తారని గుర్తుంచుకోండి. దీనికి తోడు “పోయిన ఏడాది చేరినవాళ్ళలో ఇప్పుడు ఎంతమంది ఉన్నారు?” అని కూడా అడగొచ్చు. మనుషులు ఆగని చోట ఏదో ఒకటి ఉంటుంది.

రెండోది, పని నేర్పడం గురించి. “మొదటి నెలలో నాకు పని ఎవరు చూపిస్తారండి? డౌటు వస్తే ఎవరిని అడగాలి?” ఒక మనిషి పేరు చెప్పగలిగితే అక్కడ ఏర్పాటు ఉన్నట్టు. “చూస్తూ చూస్తూ అదే వచ్చేస్తుంది” అంటే, మీ అంతట మీరు ఈదాలన్నమాట. ధైర్యం ఉంటే ఇంకో ప్రశ్న: “ఈమధ్య కొత్తవాళ్ళు ఎవరైనా పొరపాటు చేస్తే ఎలా సరిచేశారు?” ఈ ఒక్క ప్రశ్నతో ఆ లీడర్ మనస్తత్వం చాలావరకు తెలిసిపోతుంది. పొరపాటు ఎందుకు జరిగిందో చెప్పే లీడర్ వేరు, చేసినవాణ్ణి తిట్టే లీడర్ వేరు. తెలుగు మీడియంలో, గురుకులాల్లో చదివి మొదటిసారి ఆఫీసులో అడుగుపెట్టే మనకు ఈ తేడా ఉద్యోగం నిలిచేదీ పోయేదీ తేల్చేస్తుంది.

మూడోది, టైం గురించి. “డ్యూటీ ఎన్ని గంటలు?” అంటే కాగితం మీద ఉన్నది చెప్తారు. “పోయిన వారం మీరు ఎన్నింటికి ఇంటికెళ్ళారు సార్?” అని మర్యాదగా, నవ్వుతూ అడగండి. ఫ్యాక్టరీల్లో వారానికి 48 గంటలకు మించి చేయిస్తే ఆ అదనపు గంటలకు రెట్టింపు రేటు ఇవ్వాలని చట్టం. కాబట్టి “ఓటీ రేటు ఎంత, పే స్లిప్పులో విడిగా చూపిస్తారా?” అన్నది న్యాయమైన ప్రశ్న. దీంతోపాటు మనకు ప్రత్యేకంగా కావలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. మన ఊళ్ళల్లో చాలావాటికి ఇప్పటికీ సిగ్నల్ లేదు. చెట్టెక్కి, గుట్టెక్కి ఫోన్ మాట్లాడే ఊళ్ళున్నాయి. “సెలవులో ఊరెళ్తే రెండు రోజులు నా ఫోన్ కలవదు సార్, అలాంటప్పుడు మీ టీంలో ఎలా చేస్తారు?” అని ముందే చెప్పి అడగండి. “పని ఎవరికైనా అప్పగించి వెళ్ళు, చాలు” అనేవాళ్ళ దగ్గర బతకొచ్చు. ఆదివారం వాట్సాప్ మెసేజ్‌కి పది నిమిషాల్లో జవాబు రాకపోతే సంజాయిషీ అడిగేవాళ్ళ దగ్గర, ఊరెళ్ళిన ప్రతిసారీ మీకు గొడవే.

నాలుగోది, సెలవు గురించి. మన పండగలు వాళ్ళ క్యాలెండర్లో ఉండవు. నాగోబా జాతర పుష్య అమావాస్యకి, మేడారం రెండేళ్ళకోసారి మాఘమాసంలో, మన్యంలో ఇటుకల పండుగ చైత్రంలో, తండాల్లో తీజ్ శ్రావణంలో. వీటికి కంపెనీ సెలవు ప్రకటించాలని మనం అడగడం లేదు. మన ఖాతాలో ఉన్న సెలవుని మనకు కావలసిన రోజున వాడుకోనిస్తారా అన్నదే ప్రశ్న. ఇక చావు సంగతి. మన దగ్గర ఒక ఇంట్లో చావంటే ఊరంతటికీ చావే. పెదనాన్న కొడుకు కూడా సొంత అన్నే. “సొంత బ్రదర్ కాదు కదా, ఎందుకు వెళ్ళడం?” అనే మేనేజర్‌కి మన బంధుత్వం అర్థం చేయించడం కష్టం. అందుకని “మీ టీంలో ఎవరికైనా ఇంట్లో ఎమర్జెన్సీ వస్తే పోయినసారి ఎలా చూసుకున్నారు? సెలవు ఎవరు మంజూరు చేస్తారు, ఎంతసేపట్లో?” అని అడగండి. హైదరాబాద్ నుంచి ఉట్నూరు దాటి లోపలికి వెళ్ళాలన్నా, విశాఖ నుంచి పాడేరు దాటి జీపులో వెళ్ళాలన్నా పోవడానికే ఒక రోజు పోతుంది. ఒక్క రోజు సెలవుతో మనకు ఏ పనీ కాదు.

ఐదోది, మాటతీరు గురించి. ఇది నేరుగా అడిగితే తెలిసేది కాదు. “మీరు కులం చూస్తారా?” అంటే చూస్తామని ఎవరు చెప్తారు? చుట్టు తిరిగి అడగాలి. “టీంలో ఏయే జిల్లాల వాళ్ళున్నారండి? మీటింగులు ఏ భాషలో జరుగుతాయి? ఈమధ్య కొత్తవాళ్ళు చెప్పిన మాట విని ఏదైనా మార్చారా?” అని. కొత్తవాళ్ళ మాట విన్న ఒక్క ఉదాహరణ చెప్పగలిగితే చాలు. ఇంటర్వ్యూలోనే మీ ఇంటిపేరు చూసి “మీరు ఏమిట్లు?” అని ఆరా తీసినా, “అడవిలో నుంచి వచ్చి ఇంత బాగా మాట్లాడుతున్నావే” అని మెచ్చుకున్నా, అది వాళ్ళ టీం తీరుకి ముందస్తు నమూనా అనుకోండి. అమ్మతో ఫోన్లో గోండీ, కోయ, కువి, సవర, గోర్‌బోలీ మాట్లాడినప్పుడు పక్కవాళ్ళు నవ్వే చోట మనిషి రోజురోజుకీ నోరు మూసుకుపోతాడు. ఒక సంగతి తెలిసి ఉండాలి: పది మంది ముందు కులం పేరుతో అవమానిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రైవేటు ఆఫీసులో కూడా వర్తిస్తుంది. ప్రైవేటు కదా అని వదిలేయాల్సిన పని లేదు.

ఆరోది, చెల్లెళ్ళ కోసం, అన్నలు కూడా చదవాలి. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్తుంది. దానికి అధ్యక్షురాలు మహిళే అయి ఉండాలి, బయటి సభ్యులు ఒకరుండాలి, వివరాలు అందరికీ కనిపించే చోట పెట్టాలి. “మీ కమిటీలో ఎవరున్నారు మేడమ్, వివరాలు ఎక్కడ పెట్టారు?” అని అడగండి. హెచ్ఆర్‌లో ఉన్న మనిషికే తెలియకపోతే అది కాగితం మీది కమిటీ. రాత్రి షిఫ్ట్ ఉంటే “పోయిన నెల రాత్రి షిఫ్ట్ చేసినవాళ్ళు ఇంటికెలా వెళ్ళారు? బండి గేటు దాకానా, హాస్టల్ దాకానా?” అని అడగండి. పదిమంది కన్నా తక్కువ ఉన్న చోట పనిచేస్తుంటే జిల్లా స్థాయిలో స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. మామూలుగా ఫిర్యాదు మూడు నెలల లోపు ఇవ్వాలి. అందుకని భయపడి రోజులు గడపొద్దు.

ఏడోది, ప్రాణం గురించి. ఐటీఐ, డిప్లొమా, కెమిస్ట్రీ చదివినవాళ్ళు ఎక్కువగా ఫార్మాకి పోతున్నారు. 2024 ఆగస్టులో అచ్యుతాపురంలో, 2025 జూన్‌లో పాశమైలారంలో ఏం జరిగిందో అందరం చూశాం. పొట్టకూటికి వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు. ఫ్యాక్టరీలో సంస్కృతి అంటే ఏసీ, క్యాంటీన్ కాదు. “ప్రమాదం ఉంది, మెషిన్ ఆపుదాం” అని కింది మనిషి చెప్తే పైవాడు వింటాడా లేదా అన్నదే అసలు సంస్కృతి. “పోయినసారి మాక్ డ్రిల్ ఎప్పుడు చేశారు? ప్లాంటులోకి పంపేముందు ఎన్ని రోజుల ట్రైనింగ్? మాస్కులు, గ్లౌజులు, షూలు కంపెనీ ఇస్తుందా, జీతంలో కోస్తారా? ఎవరైనా పని ఆపమని చెప్పిన సందర్భం ఉందా?” ఈ ప్రశ్నలకు కసురుకునే చోటికి మాత్రం ఎంత జీతమిచ్చినా వెళ్ళొద్దు. ఇందులో మాకు రెండో మాట లేదు.

చివరిది, కాగితాలు. “నేను కంపెనీ రోల్స్‌లో ఉంటానా, కాంట్రాక్టర్ కిందనా?” ఇది తప్పకుండా అడగాలి. ఇంటర్వ్యూ చేసేది ఒకరు, జీతం ఇచ్చేది ఇంకొకరు అయితే రేపు గొడవొస్తే ఇద్దరూ చేతులు దులుపుకుంటారు. పీఎఫ్ కడతారా, జీతం 21 వేల లోపైతే ఈఎస్ఐ ఉంటుందా అని అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, జిరాక్సులు ఇవ్వండి. ఒరిజినల్స్ వాళ్ళ దగ్గరే ఉంచుకుంటాం, డిపాజిట్ కట్టాలి అనేవాళ్ళ దగ్గర మిగతా ప్రశ్నలు అడగక్కర్లేదు. జవాబు అక్కడే వచ్చేసింది.

ఎవరిని అడగాలి అన్నది కూడా ఆలోచించండి. హెచ్ఆర్ వాళ్ళు కంపెనీని పొగడడానికే కూర్చుంటారు, అది వాళ్ళ డ్యూటీ. మీరు ఎవరి కింద పనిచేస్తారో ఆ మనిషితో ఐదు నిమిషాలు మాట్లాడించమని అడగండి. ఒకే ప్రశ్నను ఇద్దరిని విడివిడిగా అడగండి. ఇద్దరూ ఒకేలా చెప్తే నమ్మొచ్చు. ఇంటర్వ్యూ అయ్యాక గేటు బయట టీ కొట్టు దగ్గర అరగంట నిలబడండి. షిఫ్ట్ దిగేవాళ్ళు ఎన్నింటికి వస్తున్నారో, ఏం మాట్లాడుకుంటున్నారో వినండి. సెక్యూరిటీ అన్నని, క్యాంటీన్ అక్కని పలకరించండి. చాలాసార్లు వాళ్ళలో మన జిల్లా వాళ్ళే ఉంటారు. లోపల కూర్చున్న పెద్దసార్ వాళ్ళతో ఎలా మాట్లాడతాడో కూడా గమనించండి. ఆరు నెలల తర్వాత మీతో అలాగే మాట్లాడతాడు.

ఇప్పుడు అసలు అభ్యంతరం. “ఇన్ని అడిగితే ఉద్యోగం ఇవ్వరన్నా. ఇంటి దగ్గర అప్పుంది, చెల్లి చదువుంది. మేం ఏరుకునే స్థితిలో ఉన్నామా?” న్యాయమైన మాట. దానికి రెండు సంగతులు చెప్తాం. ఒకటి, అడిగే సమయం. ఇంటర్వ్యూలో పని నేర్పడం గురించి, టీం గురించి అడగండి. వాటివల్ల మీకు పని మీద శ్రద్ధ ఉందని వాళ్ళకు అనిపిస్తుంది. సెలవు, ఓటీ, రోల్స్ లాంటివి ఆఫర్ వచ్చాక, సంతకం పెట్టకముందు అడగండి. అప్పటికి వాళ్ళు మిమ్మల్ని కావాలనుకున్నారు కాబట్టి మాట చెల్లుతుంది. రెండోది, అవసరం ఉంటే జవాబు బాగాలేకపోయినా చేరండి. మేం తప్పు పట్టం. కానీ తెలిసి చేరండి. ఇక్కడ సెలవు దొరకదని ముందే తెలిస్తే ఇంట్లో చెప్పి వెళ్తారు, నాలుగు నెలలు చేసి అనుభవం కాగితం తీసుకుని వేరేది చూసుకుంటారు. తెలియక చేరినవాడు మాత్రం నా వల్ల కాలేదు, నేనే పనికిరాను అనుకుని ఊరొచ్చి కూర్చుంటాడు. ఆ బాధ మన పిల్లలకు రాకూడదనే ఈ పోస్టంతా.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఈ భారమంతా ఇరవై రెండేళ్ళ పిల్ల మీద, పిల్లాడి మీద వేయడం కూడా న్యాయం కాదు. ఐటీడీఏల్లో జాబ్ మేళాలు పెడతారు, ఇంతమంది ఎంపికయ్యారని సాయంత్రానికి చెప్తారు, ఫొటోలు వస్తాయి. ఆ ఎంపికైనవాళ్ళలో ఆరు నెలల తర్వాత ఎంతమంది అక్కడే ఉన్నారో కూడా చెప్పాలి. మేళాకి వచ్చే ప్రతి కంపెనీని పైన రాసిన ప్రశ్నలు ముందే కాగితం మీద అడిగి, జవాబులు నోటీసు బోర్డులో పెట్టమని మన విద్యార్థి సంఘాలు ప్రాజెక్టు ఆఫీసర్లకు వినతిపత్రాలు ఇవ్వాలి. ఒక్కడు అడిగితే “వీడికి పొగరు” అంటారు. పదిమందికీ కలిపి ఆఫీసు అడిగితే అది పద్ధతి అవుతుంది.

అప్పటిదాకా మన పని మనం చేద్దాం. ఇప్పటికే ఉద్యోగాల్లో ఉన్న సీనియర్లు మీ చోట పని ఎన్ని గంటలు, సెలవు ఎలా, కొత్తవాళ్ళను ఎలా చూస్తారు అన్న మూడు సంగతులు తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్పండి. గ్రూపులో పేరుతో రాయడం ఇబ్బంది అయితే ఫోన్ చేసి చెప్పండి. ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళు రెండు ప్రశ్నలు చిన్న కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. అక్కడ గాభరా పడి మర్చిపోతే కాగితం తీసి చూసుకుని అడగండి, సిగ్గుపడక్కర్లేదు. వచ్చాక వాళ్ళేం చెప్పారో ఇక్కడ రాస్తే, మీ వెనక వెళ్ళేవాళ్ళకు పనికొస్తుంది.

అందరికీ మంచి జరగాలి. జోహార్.